కంప కొట్టిన ఇంట్లో మగ్గం

నాకు ఖాళీగా కూర్చోవడం చేతకాదు. మగ్గం పోయిన ఈ ఏడాదిలో ఆ సంగతి బాగా తెలిసొచ్చింది. అన్నం తింటున్నా, బస్సులో కూర్చున్నా నా కాళ్లు కింద ఏదో తొక్కుతూనే ఉంటాయి. ఆ రోజు పొద్దున రామకృష్ణయ్య శెట్టి పట్టుచీరల అంగడి మెట్ల మీద కూర్చున్నా అదే పని. లోపల ఆయన కోడలు చాందిని కంప్యూటరు ముందు కూర్చుని హైదరాబాదుతో కుస్తీ పడుతోంది. ఇంకాసేపటికి అందులో అంబుడ్స్‌మన్ సారు కనపడతాడు. కూలిపోయిన మా ఇంటికి పైసా ఇవ్వనని ఇన్సూరెన్సు కంపెనీ అంది కదా, అది న్యాయమా కాదా అని ఇద్దర్నీ అడిగి ఆయన తేలుస్తాడు.

ఆయన ముందు నేనొక నిజం చెబితే మా ఇల్లు మళ్లీ లేస్తుంది. ఆ నిజం మా అత్త ఓబమ్మ చెవిన పడితే ఆ ఇంట్లో నాకు చోటుండదు. పాలసీ ఆమె పేరు మీద ఉంది కాబట్టి ఆమె నా పక్కనే కూర్చుని ఉంటుంది. ఇదీ నా అవస్థ. మెట్లు దిగి సందు చివరిదాకా పోయి, మళ్లీ వచ్చి కూర్చున్నాను.

"యాల అట్ల తిరుగుతావు, కాలు కాలిన పిల్లి మాదిరి?" అంది మా అత్త. "అంబుసామి వచ్చేదాకా ఒకచోట కూచోరాదా?"

అంబుడ్స్‌మన్ అని పలకడం ఆమెకు నోరు తిరగలేదు. అంబుసామిని చేసుకుంది. వారం నుంచీ పొద్దున లేచి దండం పెట్టుకునే దేవుళ్లలో ఆయన్ని కూడా కలిపేసింది.

సంగతి మొదటి నుంచి చెప్పాలి. మాది ధర్మవరం. మా మామ తిప్పయ్య, ఆయన కొడుకు వీరేష్, నేను ఒకే మగ్గం మీద వంతులేసుకుని నేసి బతికినవాళ్లం. వీరేష్ నా మొగుడు. నా పేరు చంద్రిక. నేలలో గుంత తీసి, అందులోకి కాళ్లు వేలాడేసి నేసే గుంత మగ్గం మాది. దానికి కరెంటు అక్కర్లేదు, కాళ్లుంటే చాలు.

పోయినేడు ఎండాకాలం చివర్లో మా మామ పోయాడు. అప్పుడే మగ్గానికి కొత్త వార్పు ఎక్కించడం ముగించాడు. వార్పంటే మూడు చీరలకు సరిపడా నిలువు పోగులు. చెమట తుడుచుకుని, కాఫీ పెట్టమన్నాడు. నేను గ్లాసు తెచ్చేసరికి గుంత పక్కన ఒరిగిపోయి ఉన్నాడు. పురోహితుడు వచ్చి వేళ్లమీద లెక్క చూసుకుని, "ధనిష్ఠలో పోయినాడు. ఆరు నెలలు ఇల్లు విడవల్ల" అన్నాడు.

మా వైపు దీన్ని తేలిగ్గా తీసుకోరు. చెడ్డ నక్షత్రంలో మనిషి పోతే ఆ ఇంటికి తాళం వేసి, వాకిలికి అడ్డంగా ముళ్లకంప కొడతారు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు, దీపం పెట్టకూడదు, గడప తొక్కకూడదు. తొక్కితే ఆ కుటుంబంలోనే ఇంకొకరికి చేటు అంటారు. మా అత్త ఏడుస్తూనే దగ్గర నిలబడి ఆ కంప కొట్టించింది. వెనక సందులో ఒక గది బాడుగకు తీసుకుని మారిపోయాం.

ఇల్లు వదిలేయొచ్చు. మగ్గాన్ని ఎట్లా వదిలేది? గుంతను మూటగట్టుకుని పోలేం కదా. ఎక్కించిన వార్పును మధ్యలో పీకితే పోగులన్నీ చిక్కుపడి దేనికీ పనికిరావు. ఆ పట్టంతా శెట్టిది. వీరేష్ తాడిపత్రిలో బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీకి కూలికి పోయి ఆదివారాలు వచ్చేవాడు. నేను మాత్రం గదిలో గోడలు చూస్తూ కూర్చోవాలి. నా వల్ల కాలేదు. మామ పెద్దదినం అయిన కొద్ది రోజులకే పెరటి గోడ దూకి, వెనక వాకిలి తీసి, మగ్గంలో దిగాను.

శెట్టి షెడ్డులో కూలిమగ్గం దొరికిందని అత్తకు చెప్పాను. ఆమెకు చెవుడు. వయసులో ఉన్నప్పటినుంచీ మగ్గాల మధ్యే బతికి చెవులు మొద్దుబారిపోయాయి. పక్కన కూర్చుని మాట్లాడినా "ఆఁ?" అంటుంది. ఇక సందు అవతల ఆడే మగ్గం ఏం వింటుందిలే అని నా ధైర్యం. వీధికి మాత్రం వినపడింది. పక్కింటి లక్ష్మక్క ఒకరోజు గోడ మీంచి తొంగి చూసి, "నేను నిన్ను చూడల్యాలే" అని తల తిప్పుకుంది. వీధంతా అట్లాగే తల తిప్పుకుంది. పరువుగల వీధి మాది.

మొదటి చీర కోసి శెట్టికిచ్చాను. రెండోది సగంలో ఉండగా పామిడి నుంచి ఫోనొచ్చింది. నా ఆడబిడ్డ జ్యోతిలక్ష్మికి కడుపు పోయింది. ఐదో నెల. పెళ్లయిన ఎన్నేళ్లకో నిలిచిన కడుపు. అందరం పోయి ఏడ్చి వచ్చాం. "వాకిలికి కంప కొట్టినా గూడా ఆ నక్షత్రం విడవల్యా నా బిడ్డను" అని మా అత్త గుండెలు బాదుకుంటుంటే నేను లేచి వాకిలి బయటికి వచ్చేశాను. అంతకుముందు ఎవరైనా అడిగితే ఇట్లాంటివి నేను నమ్మనని చెప్పేదాన్ని. ఆ రోజు నమ్మాను. నా కాళ్లు ఆ మగ్గాన్ని తొక్కి తొక్కి పామిడిలో ఉన్న బిడ్డను చంపాయని నమ్మాను. జ్యోతి ముఖం చూడలేక, తలనొప్పని చెప్పి ముందు బస్సుకే వచ్చేశాను.

కొన్నాళ్లు మగ్గం వైపు పోలేదు. తర్వాత పోయాను. పోకపోతే ఇంట్లో బియ్యం రావు. నన్ను నేను తిట్టుకుంటూ రెండో చీర ముగించి, మూడోది మొదలుపెట్టాను.

అప్పుడు వాన వచ్చింది. మా అనంతపురం వైపు వానంటే మబ్బు చూసి మురిసిపోవడమే గాని తడిసేది తక్కువ. అందుకే అంతకు రెండేళ్ల ముందు మిద్దె బాగుచేయడానికి అత్త పేరు మీద బ్యాంకులో లోను తీసుకున్నప్పుడు, వాళ్లు ఇంటికీ మగ్గానికీ కలిపి ఇన్సూరెన్సు తగిలిస్తే మా మామ పడీపడీ నవ్వాడు. "అనంతపురంలో వానకు ఇన్సూరెన్సంట! బండరాయికి చలేస్తాదని దుప్పటి కొనిచ్చినట్ల ఉండాది" అన్నాడు. నవ్వినోడు పోయాడు, వాన వచ్చింది. పగలూ రాత్రీ తేడా లేకుండా కురిసింది. మట్టి మిద్దె నానిపోయి, వెనక గోడ మగ్గం మీద పడింది. నేను బాడుగ గదికి వచ్చేసిన గంటకే పడిందట. ఇంకాస్త ఆలస్యం చేసి ఉంటే ఈ కథ చెప్పడానికి నేను ఉండేదాన్ని కాదు.

వీరేష్ బ్యాంకులో చెప్పొచ్చాక ఇన్సూరెన్సు కంపెనీ మనిషొకడు ఫోటోలు తీసుకోవడానికి వచ్చాడు. ముందు వాకిలి చూశాడు, కంప ఫోటో తీశాడు. కూలిన గోడ కింద మగ్గం, దానిమీద సగం నేసిన మూడో చీర, అన్నీ తీశాడు. తర్వాత లక్ష్మక్కను అడిగాడు, ఈ ఇంట్లో ఎవరుంటారని. లక్ష్మక్క నా వైపు ఒకసారి చూసి, ఎంతో గొప్పగా చెప్పింది. "ఎవరూ ల్యా సార్. ధనిష్ఠలో పోయినాడు ఆయప్ప. నాలుగైదు నెలలుగా ఒక్క పురుగు గూడా గడప తొక్కలే. ఆచారం తప్పే మనుషులు కారు."

మా అత్తను అడిగితే ఆమె కూడా అదే మాట. "దీపం గూడా పెట్టల్యా నాయనా, ఆడనుంచి మేం వచ్చేసినాం." అతను రాసుకుని వేలిముద్ర వేయించుకున్నాడు. నేను తడిసిన పట్టు పిండుతూ పక్కనే ఉన్నాను. నోరు మెదపలేదు. ఎవరుంటారన్న ప్రశ్న కూడా ఇన్సూరెన్సు కోసమేనని మాలో ఎవరికి తెలుసు? ఇంటి మర్యాద గురించి అడుగుతున్నాడనుకున్నాం. అందరం కలిసి మర్యాద నిలబెట్టుకున్నాం, ఇల్లు పోగొట్టుకున్నాం.

క్లెయిము కొట్టేశామని కాగితం వచ్చింది. చాందిని చదివి తెలుగులో చెప్పింది. ముప్పై రోజులకు మించి ఎవరూ లేకుండా ఖాళీగా వదిలేసిన ఇంటికి పాలసీ చెల్లదట. వీరేష్ పని మానుకుని అనంతపురంలో కంపెనీ ఆఫీసుకు తిరిగాడు. ఈరోజు సారు లేడు, రేపు మేడమ్ లేదు, ఎల్లుండి సిస్టమ్ లేదు. పైఆఫీసుకు రాయిస్తే అక్కడినుంచీ అదే కాగితం మళ్లీ వచ్చింది, తేదీ మాత్రం మార్చి. అప్పుడు చాందినే చెప్పింది. "అంబుడ్స్‌మన్‌కి రాద్దాం వీరేషన్నా. ఫీజు లేదు, లాయరూ వద్దు. ఆయన ఇవ్వమన్నాడంటే కంపెనీ ఇచ్చి తీరాల." తెల్లకాగితం మీద మా ఆచారం గురించి వివరంగా రాసి పంపారు. కావాలని వదిలేసిన ఇల్లు కాదు, నక్షత్రం వల్ల వదిలామని రాశారు. నాకు అది విని అరవాలనిపించింది. ఇల్లు ఖాళీగా ఉందని మేమే మళ్లీ వేలిముద్ర వేసి ఒప్పుకున్నాం!

విచారణకు ముందు వచ్చిన ఆదివారం, వీరేష్‌ను మిద్దె కూలిన చోటికి తీసుకుపోయి నిలబెట్టాను.

"ఒకటి చెప్తా, అరవొద్దు. ఇల్లు ఖాళీగా ఉండాదని గదా కొట్టేసినారు? ఖాళీగా ల్యా. నేనుంటి."

"యాడ?"

"ఈడనే. ఈ గుంతలోనే. రోజూ నేసినా. ఆ రెండు చీరలు షెడ్డులో నేసినవి కాదు."

ముందు అతని ముఖంలో వెలుగొచ్చింది, ఇల్లు వస్తుందని. అంతలోనే ఏదో గుర్తొచ్చి ఆరిపోయింది. "జ్యోతీ..." అని ఆగిపోయాడు. ఆ ఒక్క మాట నన్ను కోసేసింది. నేను రోజూ నాతో అనుకునే మాటే అది, ఇంకొకరి నోట విన్నది మాత్రం అదే మొదలు.

"అమ్మకు తెలుసా?" అన్నాడు.

"తెలిసింటే నన్ను ఇంట్లో పెట్టుకోనుండునా?"

"చెప్తే ఇల్లొస్తాది. అమ్మ నీ చేతి నీళ్లు గూడా తాగదు ఇంక." కూలిన మట్టిపెళ్లను కాలితో తన్నాడు. "నీ ఇష్టం చంద్రికా."

నీ ఇష్టం! మొగుళ్లందరికీ ఈ మాట ఎవరు నేర్పారో గాని, వాడు దొరికితే ఆ గోడ కిందే పూడ్చేదాన్ని.

"రండి, రండి, కనెక్టయింది," అని చాందిని పిలిచింది.

శెట్టి గద్దె పక్కన బల్ల వేసి కంప్యూటరు పెట్టారు. మా అత్త, నేను, వీరేష్ వరసగా కూర్చున్నాం. తెర మీద ఒకవైపు అంబుడ్స్‌మన్ సారు. నెరిసిన జుట్టు, అలసిపోయిన ముఖం. ఇంకోవైపు కంపెనీ ఆఫీసరు, మెడలో గుర్తింపుకార్డు. మా అత్త ఇద్దరికీ దండం పెట్టింది.

కంపెనీ ఆఫీసరు చకచకా చదివేశాడు. వాకిలికి కంప కొట్టిన ఫోటో. కరెంటు బిల్లులో ఒక్క యూనిట్టూ కాలలేదు. పక్కింటామె చెప్పిన మాట. పాలసీదారు ఓబమ్మ వేలిముద్ర వేసిన మాట. "ఆచారాలను మేం గౌరవిస్తాం సార్. కానీ ఇల్లు ఖాళీగా ఉంది. వాళ్లే ఒప్పుకున్నారు" అని ముగించాడు. గొంతులో తప్పుపట్టడానికి ఏమీ లేదు, అందుకే నాకు ఇంకా మండింది.

"ఓబమ్మ గారూ, ఇల్లు ఖాళీగా ఉందని మీరు చెప్పారా?" అని సారు అడిగాడు.

"ఆఁ?"

చాందిని ఆమె చెవి దగ్గర గట్టిగా చెప్పింది.

"చెప్పినా సామీ" అంది మా అత్త.

"మీ తరఫున ఇంకెవరైనా, ఇంకేమైనా చెప్పుకోవాలా?"

వీరేష్ నేల చూశాడు. శెట్టి నా వైపు చూశాడు. ఆయనకు తెలుసు, చీరలు తీసుకున్నవాడు ఆయనే కదా. బల్ల కింద నా కాళ్లు ఆగిపోయాయి. ఏడాదిగా ఆగనివి ఆగిపోయాయి. ఇప్పుడు చెప్పకపోతే జన్మంతా ఆ బాడుగ గదే అనిపించింది. అత్త వినదులే, మెల్లగా చెబితే సరిపోతుందిలే అని కూడా అనిపించింది. ఆ దొంగతనపు ఆశతోనే గొంతు తగ్గించి మొదలుపెట్టాను.

"సార్, ఇల్లు ఖాళీగా ల్యా. నేను రోజూ పోయి నేస్తా ఉంటి."

"మీరెవరు?"

"కోడలిని సార్."

ఆయన ముందుకు వంగాడు. "ఇంత ముఖ్యమైన మాట ఎందుకంత మెల్లగా చెబుతున్నారమ్మా? ఫిర్యాదు మీ అత్తగారిది. ఆమె తరఫున మీరు చెప్పేది ఆమెకు తెలియాలి. ఆమెకు వినపడేలా చెప్పండి."

"ఏమంటాండాడు?" అని మా అత్త నా మోచెయ్యి పొడిచింది.

ఇక తప్పదు. ఆమె వైపు తిరిగాను. ఆమె చెవిలో ఏదైనా పడాలంటే అరవాల్సిందే. అంగడిలో చీరలు చూసుకుంటున్న ఆడవాళ్లు, గుమాస్తాలు, వీధిలో పోయేవాళ్లు అందరూ వింటారు. విననీ అనుకున్నాను.

"అత్తా! ఆ ఇల్లు ఖాళీగా ల్యా! శెట్టి షెడ్డుకు పోతాండానని నీకు అబద్ధం చెప్పినా! రోజూ పెరటి గోడ దూకి మన ఇంటికే పోయి నేసినా! నువ్వు కొట్టించిన కంప ముందరే ఉండాది, నేను ఎనక నుంచి పోయినా!"

అంగడిలో అందరూ నా వైపు తిరిగారు. నాకు ఏడుపొచ్చింది, అంతమంది ముందు ముక్కు చీదుకున్నాను. ఆమె చెయ్యెత్తి నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"యాల అట్ల అరుస్తావు? తెలుసు" అంది మా అత్త.

తెర మీద సారు కళ్లజోడు తీశాడు. "ఏం తెలుసమ్మా మీకు?"

చాందిని ఆ ప్రశ్నను చెవిలో అరిచింది.

"ఇది పోయి నేసేది తెలుసు సామీ. నాకు మాటలు వినపడవు గానీ మగ్గం వినపడతాది. నేల అదురుతాది గదా. మా వీధిలో అన్ని మగ్గాలుండాయి, అన్నీ ఒక మాదిరి ఆడవు. ఇది రెండు దెబ్బలు గబగబా కొట్టి, ఒక్క క్షణం ఆగుతాది. దీనికి మొదట్నుంచీ అదే తొందర. మా గదిలో పడుకుంటే సాప కింద ఆ దెబ్బ తెలుస్తాది నాకు."

"మరి కంపెనీ మనిషికి ఎవరూ లేరని ఎందుకు చెప్పారు?" అన్నాడు కంపెనీ ఆఫీసరు.

"నా కోడలు ఆచారం తప్పిందని నీకు చెప్పల్లా?" అంది మా అత్త. ఆయన మీద కోపం లేదు, వివరంగా చెబుతోంది, అంతే. "మీవోడు ఇన్సూరెన్సుకు అడుగుతాండాడని నాకేం తెలుసు నాయనా? నువ్వయితే మీ ఇంటి సంగతి పరాయోళ్లకు చెప్తావా?"

"తెలిసి కూడా ఆపలేదా?" అని సారు అడిగాడు.

ఈసారి ఆమెకు చాందిని అరవకముందే అర్థమైంది. కాసేపు తన చేతులు చూసుకుంది.

"ఆపాలనే పోయినా సామీ ఒక పొద్దు. పెరటి గోడ కాడిదాకా పోయినా. ఆడ నిలబడుకుంటే చప్పుడు వినపడతాంది. ఆయప్ప ఎక్కిచ్చిన వార్పు అది. మనిషి పోయినాడు గానీ ఆయన మగ్గం ఆడతాండాది గదా అనిపిచ్చె. నిలబడుకోని విని, ఎనక్కి వచ్చేసినా. ఆ మర్నాడు గూడా పోయినా. లోపలికి పోలే. వినేదానికే."

తర్వాత జరిగింది తొందరగా జరిగిపోయింది. ఇది ఇంటివాళ్లు ఇప్పుడు కల్పించిన మాట అని కంపెనీ ఆఫీసరు అన్నాడు. సారు శెట్టిని పిలిచి అడిగాడు. ఆ నెలల్లో ఆ వార్పు మీది రెండు చీరలు తనకు చేరాయని శెట్టి చెప్పాడు. "మూడోది మీరు తీసిన ఫోటోలోనే ఉండాది చూడండి సార్. వార్పు ఎక్కిచ్చిన పొద్దే ఆయన పోయినాడు. ఎవరూ కూచోకుంటే మూడో చీర దాకా ఎట్ల వస్తాది?" సారు ఆ ఫోటో తెరిచి చాలాసేపు చూశాడు. మగ్గానికి కరెంటు కావాలా అని నన్ను అడిగాడు. వద్దన్నాను. తీర్పు రాతపూర్వకంగా పంపుతానని చెప్పి వెళ్లిపోయాడు.

ఇంటికి నడిచి పోతున్నప్పుడు వీరేష్ కావాలనే వెనకబడ్డాడు. మా అత్త నా పక్కన నడుస్తోంది. నేను ఉండబట్టలేకపోయాను. వీధి మధ్యలో ఆగి, మళ్లీ చెవిలో అరిచాను.

"జ్యోతి బిడ్డ పోయింది నా వల్లనే అని ఇన్నాళ్లూ చస్తా బతకతాండా అత్తా!"

ఆమె నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "నీ వల్ల యాల? నువ్వు చిన్నదానివి, తెలీక పోయినావు. నాకు తెలిసి ఆపలే. ఆ ఫోనొచ్చినప్పటి నుంచీ నా వల్లనే అనుకుంటాండా. నీతో అంటే నువ్వు మగ్గం ఇడిసిపెడతావు. జ్యోతితో అంటే అది నా ముఖం చూడదు. ఎవరితో అనుకునేది నేను?"

అప్పటిదాకా ఒకే గదిలో, ఒకే చాప మీద, ఇద్దరం ఒకే పాపాన్ని చెరోవైపు పట్టుకుని పడుకున్నాం. నాకు ఆమె మీద జాలి వేసింది, కోపం కూడా వచ్చింది. ముందే అని ఉంటే! ముందే నేనైనా అని ఉంటే! ఎవరింటి అరుగో చూసుకోకుండా కూర్చుని ఇద్దరం ఏడ్చాం. ఆ ఇంటావిడ మంచినీళ్లు తెచ్చిచ్చింది. మా అత్త చెంబు నా చేతికిచ్చి, నేను తాగాక తను తాగింది.

తీర్పు రావడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ వారాలు నేనెట్లా గడిపానో మా ఇంటి చాపను అడగాలి. పోస్టుమన్ సైకిలు గంట వినపడితే చాలు, చేతిలో ఏముంటే అది పడేసి వీధిలోకి పరిగెత్తేదాన్ని. చివరికి కాగితం పోస్టులో కాదు, చాందిని ఫోనులోకి వచ్చింది. ఇంటికీ మగ్గానికీ పాలసీలో ఉన్నదంతా ఇవ్వాలని సారు రాశాడు. మేం ఒప్పుకున్నామని సంతకం చేసి పంపితే కంపెనీ నెల రోజుల్లో ఇచ్చి తీరాలి. వీరేష్ నన్ను వీధిలోనే ఎత్తి తిప్పాడు. సిగ్గులేని మనిషి. గోడలు లేపేదానికి రమ్మని అప్పుడే మేస్త్రీకి కూడా చెప్పొచ్చాడు.

కానీ ఆ కాగితంలో ఇంకోటి కూడా ఉంది. పాలసీదారు కోడలు ఆ నెలల్లో ప్రతిరోజూ ఆ ఇంట్లోకి వెళ్లి నేసిందని, పాలసీదారుకు ఆ సంగతి తెలుసని, అచ్చు అక్షరాల్లో. అంగడిలో ఆ రోజు అంతమంది విన్నారు. ఇంక పామిడికి చేరకుండా ఉంటుందా?

"పరాయోళ్ల నోట వినకూడదు అది," అంది మా అత్త. "మనమే చెప్పల్ల. కొత్త గోడ లేచి సున్నం పడకముందే చెప్పల్ల."

నేను జ్యోతికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. ఇల్లు వచ్చిందని ముందు చెప్పలేదు. గోడ దూకింది, నేసింది, అత్త విన్నది, ఆపనిది, అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. "నీ బిడ్డ పోయేదానికి మేమే కారణం జ్యోతీ. నువ్వు ఏమన్నా పడతాం" అన్నాను.

జ్యోతి అరవలేదు. అరిచి ఉంటే తట్టుకునేదాన్ని.

"బిడ్డకు గుండె సరిగ్గా ఏర్పళ్లేదని డాక్టరమ్మ స్కానింగులో చెప్పింది వదినా. నిలవదని వారం ముందే నాకు తెలుసు. ఆ వారమంతా కడుపులో అది కదుల్తాంటే, నేనొక్కదాన్నే తెలుసుకోని ఉంటి. మీరొచ్చినారు. అందరూ నక్షత్రం అన్నారు, ఏడ్చినారు, పోయినారు. నువ్వు తలనొప్పని ముందు బస్సుకే పోతివి. ఏమైంది జ్యోతీ, నొప్పి ఎట్లుండాది అని ఒక్కరన్నా అడిగినారా? ఇప్పుడు గూడా మీ మగ్గం గురించే చెప్తాండారు నాకు."

ఏడాదిగా జ్యోతి పేరు తలుచుకుని నేను పడిన బాధంతా నా గురించే.

"ఏమంటాంది?" మా అత్త నా భుజం పట్టుకుని కుదిపింది. ఫోనులో సన్న గొంతు ఆమెకు అందలేదు. "తిడతాందా? ఏమంటాంది చెప్పు! గట్టిగా చెప్పు!"

చెప్పాను. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, జ్యోతి అన్నది ఒక్క మాట కూడా వదలకుండా అరిచి చెప్పాను. నొప్పి ఎట్లుండాదని ఎవరూ అడగలేదంట అత్తా, మనం ఒక్కరం గూడా అడగలేదంట. నా అరుపు ఫోనులోంచి జ్యోతికి కూడా వినపడుతూనే ఉంది. అవతల ఆమె ఏడవడం మొదలుపెట్టింది.

మా అత్త గోడకు తగిలించిన సంచి తీసి, అందులో ఒక చీర, జ్యోతికి ఇష్టమని చేసిపెట్టిన నువ్వులుండల డబ్బా పెట్టుకుంది. నా వైపు చూసింది.

"మేస్త్రీకి రావొద్దని చెప్పు. పామిడికి బస్సు ఎప్పుడుండాదో కనుక్కో" అంది. "లే. ఈసారి తలనొప్పనకు."